మూత తీసిన రూటర్

భోకర్ రోడ్డు మీద లారీ గుద్ది ఇంజనీర్ మారోతి చనిపోయాడు. అందరూ యాక్సిడెంట్ అనుకున్నారు. హైదరాబాద్‌లో చీఫ్ మాత్రం ఏజెంట్ కాశీనాథ్‌ను పిలిపించాడు.

నాందేడ్‌కు ఎగువన ఉన్న డ్యామ్ గేట్ల నెట్‌వర్క్‌లో కొత్తగా పెట్టిన రూటర్ రహస్యంగా విదేశాలతో మాట్లాడుతోందని ఆ డ్యామ్‌లో పనిచేసే మారోతి చావుకు ముందు చీఫ్‌కు కబురు పంపాడు. రేపు గోదావరి ఘాట్లలో వేలమంది స్నానాలకు దిగుతారు. గేట్లన్నీ ఒక్కసారి లేస్తే ఎవరూ మిగలరు.

"అక్కడ మన ఏజెంట్ కోమల్ ఉంది. ఆ రూటర్ అమ్మిన కంపెనీలో మేనేజర్‌గా" అన్నాడు చీఫ్.

కాశీనాథ్ నాందేడ్ రైల్వే క్వార్టర్లలో పెరిగిన తెలుగువాడు. మర్నాడు పొద్దున్నే కంప్యూటర్ మెకానిక్ వేషంలో డ్యామ్ కంట్రోల్ రూమ్‌లో అడుగుపెట్టాడు. నల్లకళ్ళద్దాలు తీస్తూ కోమల్ ఎదురొచ్చింది.

"మాహూర్ బస్సు పోయిందా?" అని అడిగింది.

"పోయింది. మాండవి కెల్లి నడవాలె."

కోడ్ కలిసింది.

రూటర్ సీలు వేసిన పెట్టె. లోపల ఏం నడుస్తోందో తయారుచేసినవాళ్ళకే తెలుసు. కాశీనాథ్ మూలనున్న పాత పీసీ మూత తీసి, నెట్‌వర్క్ కార్డులు బిగించి, పీసీనే రూటర్‌గా మార్చే సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు.

ఆపరేటర్ పోచన్నకు భయమేసింది. "గా డబ్బా గీ పనికోసమే చేసిండ్రు. పీసీ తట్టుకుంటదా సార్?"

"జర స్లో ఉంటది. గానీ దీంట్లకెల్లి ఏం పోయినా మనకు కనవడ్తది."

లోడ్ తట్టుకోదని, పర్మిషన్ తెచ్చుకుందామని కోమల్ సాగదీసింది. కాశీనాథ్ వినకుండా కేబుళ్ళు మార్చేశాడు. పీసీ ఫ్యాన్ హోరెత్తింది. స్క్రీన్ మీద డేటా ప్యాకెట్లు ఒక్కో లైనుగా దొర్లసాగాయి.

అంతలో ఒక లైను అతని కంట పడింది. గేట్లు తెరవమని ఆర్డర్. సీలు పెట్టెలోని దొంగదారి మూసుకుపోవడంతో, ఆ ఆర్డర్ ఈ గదిలోని ఫోన్ నుంచే వస్తోంది. గదిలో ఫోన్ పట్టుకున్నది కోమల్ ఒక్కతే. కెమెరాలో మొదటి గేటు కదిలింది.

"ఫోన్ కింద పెట్టు, కోమల్."

ఆమె చేతిలోకి పిస్టల్ వచ్చింది. "మారోతి గూడ గిట్లనే కనిపెట్టిండు."

కాశీనాథ్ కీబోర్డు వదల్లేదు. ఆ ఫోన్‌ను బ్లాక్ చేసే రూల్ సగమే టైప్ అయింది. పోచన్న కుర్చీ ఎత్తి ఆమె మీదికి విసిరాడు. పేలిన తూటా గోడకు తగిలింది. పోచన్న ఆమెను పడదోసి పిస్టల్ లాక్కున్నాడు. కాశీనాథ్ రూల్ పూర్తిచేసి ఎంటర్ కొట్టాడు, వెంటనే గేటు దించే బటన్ నొక్కాడు.

గేటును పైకెత్తుతున్న మోటారు ఆగి, వెనక్కి తిరిగింది. గేటు మెల్లగా కిందికి దిగింది. ఘాట్‌లో నీళ్ళు ఒక మెట్టు పైకెక్కితే, జనం బట్టలు ఎత్తిపట్టుకుని నవ్వారు.

కొత్త రూటర్‌కు టెండర్ తేలేవరకు ఆ పీసీతోనే నడపమని చీఫ్ ఆర్డర్. వెళ్ళేముందు కాశీనాథ్ ప్లగ్గు పక్కన మరాఠీలో, తెలుగులో ఒక కాగితం అంటించాడు: "ఊడ్చేటప్పుడు దీన్ని పీకొద్దు."