మొదటి బార్ కింద ఖాళీ

ఖానాపురం హవేలిలోని ప్రైవేట్ డిటెక్టివ్ సాదియా ఆఫీసుకు వచ్చిన కన్నమ్మ, కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఆమెది చర్ల అడవిలోని ఇప్పగుంపు. ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున ఊళ్లో వేలు పొడిచి రక్తపరీక్ష చేస్తుంది, జ్వరాల లెక్క పంపుతుంది.

జ్వరాలు ఎక్కువున్న ఊరికి సంస్థ ఇచ్చే దోమతెరలన్నీ ఈసారి పక్కనున్న రాళ్లగుంపుకు పోయాయి. సంస్థ గీసిన చార్టులో ఇప్పగుంపులో జ్వరాలు లేనట్టే ఉంది. కన్నమ్మ తెరలు అమ్ముకుందని ఊరు, తప్పుడు లెక్క పంపిందని ఆఫీసు. ఉద్యోగం తీసేస్తామని నోటీసు కూడా ఇచ్చారు.

"ఎవ్వలు వేలు చాపుతలేరు మేడం. ఎంతకు అమ్మినవే అంటున్నరు."

ఆమె వెళ్లాక, నిప్పు లేకుండా పొగ రాదన్నట్టు నవ్వాడు సహాయకుడు రమణ. సాదియా నవ్వలేదు.

మర్నాడు ఇద్దరూ చర్లలోని సంస్థ ఆఫీసుకు వెళ్లారు. అక్కడి అధికారి బాలకృష్ణ టీ తెప్పించి, కంప్యూటర్ పనంతా ఆపరేటర్ పుష్పలతదేనన్నాడు. అంకెలు ఎక్కించడం వరకే తన పని అంది పుష్పలత. చార్టు ఎవరు గీశారంటే మాత్రం తల దించుకుంది.

సాదియా గోడ మీది చార్టు చూసింది. మొదటి బార్ కింద ఊరి పేరు లేదు. పక్కనే అంటించిన ఊళ్ల జాబితాలోని చివరి ఊరు చార్టులోనే లేదు. తర్వాత బాలకృష్ణ బల్ల చూసింది. సెలవు చీటీ, డీజిల్ రసీదు, చివరికి కూరగాయల చీటీ మీద కూడా పైన 'శ్రీరామ' అని రాసుంది. పుష్పలత రాసినవి మాత్రం నేరుగా విషయంతోనే మొదలయ్యాయి.

సాయంత్రం కన్నమ్మతో సహా అందరినీ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది.

"కన్నమ్మ అంకెలు సరిగ్గానే ఉన్నాయి. ఊళ్ల పేర్ల పైగడిలో ఎవరో 'శ్రీరామ' రాసుకున్నారు. చార్టు గీసేటప్పుడు ఆ గడిని కూడా పేర్లలో కలిపేశారు. దాంతో ప్రతి పేరూ తర్వాతి బార్ కిందికి జరిగింది. ఇప్పగుంపు బార్‌కు జాబితాలో దాని పైనున్న రాళ్లగుంపు పేరు పడింది."

"మరి మొదటి బార్ కింద ఆ మాట కనబడాలి కదా మేడం?" అన్నాడు రమణ.

సాదియా ఆ ఖాళీని ఎంచుకుని అక్షరాల రంగు నలుపుకు మార్చింది. 'శ్రీరామ' కనిపించింది.

"పేర్లు జరగడం పొరపాటు. తెల్లరంగు వేయడం పొరపాటు కాదు, బాలకృష్ణ గారూ."

బాలకృష్ణ ఒప్పుకున్నాడు. తెరలు పంచేశాకే ఆ తప్పు చూసుకున్నాడు. పైవాళ్లకు చెప్పడానికి మొహం చెల్లక ఆ మాటకు తెల్లరంగు వేశాడు. కన్నమ్మ మీద ఫిర్యాదు వచ్చాక నోటీసు మీద సంతకం పెట్టిందీ తనే.

సాదియా పేర్లు రెండో గడి నుంచి మొదలయ్యేలా మార్చింది. పేర్లన్నీ ఒక్కసారిగా వాటి చోట్లకు వచ్చాయి. అన్నిటికంటే ఎత్తైన బార్ కింద ఇప్పగుంపు. రమణ కన్నమ్మ వైపు చూడలేకపోయాడు.

కొత్త చార్టు, తెరలు పంపిస్తానని, క్షమాపణ ఉత్తరం కూడా రాస్తానని బాలకృష్ణ గొణిగాడు.

"ఉత్తరం వస్తె మల్ల ఊరోళ్లకు నేనే చదివి చెప్పాలె," అంది కన్నమ్మ. "నేను దొంగను కానని నా నోటితోని నేనే ఎట్ల చెప్పుకుంట సార్? మీరే రాండ్రి. అందరి ముంగట చెప్పుండ్రి."

బాలకృష్ణ చెయ్యి చాపి జీపు తాళం అందుకున్నాడు.