స్నానం చెయ్యని ఇద్దరు

మోటార్ సైకిల్ మళ్లీ దుమ్ములో మాయమవుతుంది!

నిమియా కాలు యాక్సిలరేటర్ మీదే ఉంది. పికప్ బండి గుంటలో పడి లేస్తుంది. పక్క సీట్లో రైఫిల్ జారి తలుపుకి కొట్టుకుంటుంది.

నడిమధ్యాహ్నం. చాకో మైదానాల్లో ఇది నిద్రవేళ. దుకాణాలు మూసేశారు. మనుషులు ఉయ్యాలల్లో, కుక్కలు నీడలో. అర్ధరాత్రయితే కనీసం తాగుబోతులైనా ఎదురుపడతారు. ఇప్పుడు రోడ్డు మీద ఎవరూ లేరు.

ముందు అతను. వెనక ఆమె. అంతే.

ఒక చేత్తో స్టీరింగ్, ఇంకో చేతిలో ఫోన్. చాలాసేపు మోగాక ఎత్తుతారు.

"పోలీస్ స్టేషన్..." అవతల ఆవులింత.

"నేను డాక్టర్ నిమియా అయాలా. పశువుల ల్యాబ్ నుంచి. దొంగతనం జరిగింది!"

"ఏం పోయిందక్కా?"

"ట్యూబు. చిటికెన వేలంత ఉంటుంది."

"ట్యూబా!" అవతల నవ్వు. "ఈ ఎండలో ట్యూబు కోసం లేపావా నన్ను? సంత మొదలయ్యే వేళకి వస్తాంలే."

"సంత మొదలైతే ఇంకేం మిగలదు! వాడు సంతకే వెళ్తున్నాడు! ముందు గేటు..."

లైన్ కట్!

ఆ ట్యూబులో ఉన్నది గాలికుంటు వ్యాధి క్రిమి. బతికున్నది. ఈ దేశంలో ఆ రోగం లేక చాలా ఏళ్లయింది. ఒక్క ఆవు నోట్లో పుండు లేస్తే చాలు, మందలకి మందల్నే కాల్చి గుంటల్లో పూడుస్తారు. ఇవాళ సంతకి చాకో నలుమూలల నుంచీ పశువులు దిగాయి. రాత్రికి అవి లారీలెక్కి దేశమంతా వెళ్తాయి.

వాటితోపాటు అదీ వెళ్తుంది.

దొంగ పేరు డెర్లిస్ బెనీతెస్. ల్యాబ్‌లో పరీక్షలకి తెచ్చిన దూడలకి మేత వేసేది అతనే. పదకొండేళ్లుగా అదే పని. పరీక్ష అయ్యాక వాటిని రైఫిల్‌తో కాల్చేది నిమియా.

ఊళ్లో ఆమెకున్న స్నేహితుడు కూడా అతనొక్కడే.

ల్యాబ్ లోపల పనిచేసినవాళ్లు బయటికొచ్చాక ఐదు రోజులు ఆవు దగ్గరికీ, మేక దగ్గరికీ, పంది దగ్గరికీ వెళ్లకూడదు. ఐదు రోజులు గడిచేలోపు మళ్లీ డ్యూటీ. పశువు లేని ఇల్లు ఇక్కడ ఏముంది? మొదట్లో పెళ్లిళ్లకి పిలిచేవాళ్లు. వెళ్లలేకపోయింది. తర్వాత పిలవడం మానేశారు. ఆదివారం ప్రతి పెరట్లోనూ మాంసం కాలుతున్న పొగ లేస్తుంటే, వాళ్లిద్దరూ ల్యాబ్ మెట్ల మీద కూర్చుని ఒకే కొమ్ము గ్లాసులోంచి తెరెరె ఆకుల నీళ్లు తాగేవాళ్లు. చల్లగా, చేదుగా. ఒకరి తర్వాత ఒకరు.

ఇవాళ శనివారం. లోపల ఇద్దరే ఉన్నారు.

లోపలి గదుల నుంచి మనుషులు బయటికి రావడానికి ఒకటే దారి... షవర్! బట్టలు విడిచి, తల రుద్దుకుని, ముక్కు చీది రావాలి. అందుకే బయటికొచ్చిన ఎవరి జుట్టయినా తడిగా ఉంటుంది.

నిమియా అద్దాల కిటికీలోంచి చూసింది. డెర్లిస్ మోటార్ సైకిల్ ఎక్కుతున్నాడు.

జుట్టు పొడిగా ఉంది!

ఫ్రీజర్ తెరిచింది. ఒక గడి ఖాళీ.

మేత దించుకునే తలుపు బార్లా తీసి ఉంది. రైఫిల్ అందుకుని ఆమె కూడా అదే తలుపులోంచి పరుగెత్తింది.

* * *

సంత గేటు!

లారీల దారికి గొలుసు వేసి ఉంది. పక్కన మనుషులు నడిచే సందు. సందుకి అడ్డంగా సిమెంటు తొట్టి, అందులో నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు. బూట్లు తడుపుకుని లోపలికి వెళ్లాలి. అవతల దొడ్లు. వేల పశువులు.

డెర్లిస్ మోటార్ సైకిల్ పడేసి పరుగెత్తుతున్నాడు.

నిమియా బ్రేక్ తొక్కుతుంది. దూకుతుంది. రైఫిల్ ఎత్తుతుంది. ఇంకెక్కడ... ఈపాటికి లోపలికి వెళ్లిపోయి ఉంటాడు!

లేదు.

డెర్లిస్ తొట్టిలో నిలబడి ఉన్నాడు!

ఎడమ బూటు ముంచి, కుడి బూటు ముంచి, మడమలు రుద్ది... నిలబడ్డాడు. పెదాలు కదులుతున్నాయి. ల్యాబ్‌లో ప్రతి తలుపు దగ్గరా చేసినట్టే క్షణాలు లెక్కపెడుతున్నాడు!

"డెర్లిస్! కదలకు!"

అతను ఉలిక్కిపడతాడు. కాళ్ల వంక చూసుకుంటాడు. పగలబడి నవ్వుతాడు.

"చూశావా డాక్టరమ్మా! నేను దొంగనయ్యానని నా కాళ్లకింకా తెలీదు!"

"ట్యూబు కింద పెట్టు."

"వచ్చి తీసుకో." పిడికిలి చూపిస్తాడు. మూత మీద బొటనవేలు ఉంది. "రాలేవు కదూ? నీ జుట్టు కూడా పొడిగానే ఉంది."

నిమియా ఆగిపోతుంది. నిజమే! తనూ స్నానం చెయ్యలేదు. ల్యాబ్ బట్టలే ఒంటి మీద ఉన్నాయి.

ఉత్తరపు గాలి దొడ్ల మీదుగా ఇటు వీస్తోంది. పేడ వాసన, గడ్డి వాసన.

"ఎవరు చెయ్యమన్నారు?"

"టీకాల కంపెనీవాడు. రోగం లేకపోతే వాడి టీకా ఎవడు కొంటాడు?"

"నీకేం ఇస్తానన్నాడు?"

"వాడి దొడ్డిలో పని. దూడ పుట్టినప్పటి నుంచి ఎద్దయ్యేదాకా చూసుకునే పని." అతని గొంతు మారుతుంది. "మన దగ్గరికొచ్చిన దూడ ఒక్కటైనా పెద్దయిందా నిమియా?"

"దాని కోసం ఇన్నిటినీ చంపుతావా?"

"నువ్వు చంపలేదా? నేను పేర్లు పెట్టుకున్నాను. నువ్వు వరసగా కాల్చావు."

నిమియా రైఫిల్ భుజానికి ఆనించుకుంటుంది.

"కాల్చు మరి," అంటాడు. "చెయ్యి జారుతుంది. ట్యూబు పగులుతుంది. గాలి ఎటు తిరుగుతుందో నీ అదృష్టం."

పగులుతుంది... ఎక్కడ?

నిమియా చూపు కిందికి దిగుతుంది. అతని బూట్లు. బూట్ల చుట్టూ నీళ్లు. నిమ్మ ఉప్పు నీళ్లు. పులుపులో ఆ క్రిమి బతకదు!

ఆమె ఎటు చూస్తోందో అతనూ చూస్తాడు. అతనికీ తెలుసు.

తొట్టి దాటడానికి అతని కుడి కాలు లేస్తుంది...

ఢాం!

డెర్లిస్ వెల్లకిలా తొట్టిలో పడతాడు. పిడికిలి విచ్చుకుంటుంది. ట్యూబు తొట్టి అంచుకి తగిలి ముక్కలై నీళ్లలోకి జారుతుంది.

అయిపోయింది!

లేదు... కాపలా గదిలోంచి ముసలి పొర్ఫిరియో నిద్రకళ్లతో పరుగెత్తుకొస్తున్నాడు!

"అయ్యో దేవుడా! మనిషి! తల్లీ, మనిషిని కాల్చావా!"

"ముట్టుకోకు తాతా!"

"రక్తం పోతోందమ్మా!"

"అతను ల్యాబ్ నుంచి నేరుగా వచ్చాడు. ఒంటినిండా గాలికుంటు క్రిమే! ముట్టుకున్న చేత్తో నువ్వు దొడ్డిలోకి వెళ్తావు!"

ముసలాయన వంగుతున్నాడు. నిమియా రైఫిల్ అతని వైపు తిప్పుతుంది.

"ఒక్క అడుగు వేస్తే నిన్నూ కాలుస్తాను."

పొర్ఫిరియో ఆగుతాడు. రెండు చేతులూ పైకెత్తుతాడు.

"మరి వీడినెవరు చూస్తారే? ఇలాగే వదిలేస్తామా?"

డెర్లిస్ కళ్లు తెరుస్తాడు. భుజం కింద చొక్కా ఎర్రబడుతోంది. పెదాలు కదులుతాయి. ఈసారి లెక్క కాదు.

"నిమియా... నువ్వైతే రావచ్చు."

అవును. ఈ ఊళ్లో అతన్ని ముట్టుకోగలిగింది ఆమె ఒక్కతే. అతనికి అంటిందే ఆమెకీ అంటింది.

"తాతా! ఈ వరస పశువుల్ని వెనక్కి తోలించు! చివరి కంచె దాకా! ఇటు ఎవర్నీ రానివ్వకు!"

కేకలు. గిట్టల చప్పుడు. దుమ్ము. దొడ్లు ఒక్కొక్కటే ఖాళీ అవుతాయి. ఆవులు వెళ్తాయి, మనుషులు వెళ్తారు, చప్పుడు దూరమవుతుంది.

నిమియా రైఫిల్ నేల మీద పెడుతుంది. తొట్టిలోకి దిగుతుంది. మోకాళ్ల మీద కూర్చుని రెండు అరచేతులూ గాయం మీద అదిమి పెడుతుంది.

"గురి తప్పావు," అంటాడు డెర్లిస్. "దూడల దగ్గర ఎప్పుడూ తప్పలేదు."

"మాట్లాడకు."

"బతికితే... జైల్లో వేస్తారా నన్ను?"

"వేస్తారు."

"చూడ్డానికి వస్తావా?"

ఆమె ఇంకా గట్టిగా అదుముతుంది. వేళ్ల మధ్య నుంచి రక్తం వస్తూనే ఉంది.

దూరం నుంచి, కంచె అవతల నుంచి పొర్ఫిరియో అరుస్తాడు. చేతిలో ఫోన్.

"తల్లీ! ఆసుపత్రివాళ్లు అడుగుతున్నారు! ఎంతమందిని విడిగా పెట్టాలట?"

నిమియా తల తిప్పదు.

"ఇద్దర్ని," అంటుంది. "ఒకే గదిలో."