ఖాళీ ఇంట్లో కరెంటు

"మీ బావని ఎత్తుకుపోయారు," అన్నాడు చీఫ్ ఫోన్‌లో, ఉపోద్ఘాతం లేకుండా. "పదకొండింటికి సరిహద్దుకి తరలిస్తారు. మన సంకేతాలన్నీ ఆయన బుర్రలోనే ఉన్నాయి. దాచిన ఇల్లు కనిపెట్టు."

పదీ ఇరవైకి ఏజెంట్ డేగ ఏసీ మెకానిక్ వేషంలో మ్యాప్ ఆఫీసులోకి దూరాడు. అక్కడ ఏసీ నిజంగానే చెడిపోయి ఉండటంతో సిబ్బంది అతనికేసి ఆశగా చూశారు. అతను నేరుగా మ్యాప్ టెక్నీషియన్ దగ్గరికి వెళ్లి, జేబులోంచి లిప్‌స్టిక్ తీసి మూత తిప్పాడు. లోపల పెన్‌డ్రైవ్, అందులో ఊళ్లోని ఇళ్ల కరెంటు వాడకం లిస్టు.

ఇచ్చింది నెమలి. విదేశీ ముఠాలో ఉంటూ మనకు పనిచేసే డబుల్ ఏజెంట్. ఆరు పాస్‌పోర్టులు, అరవై జతల కళ్లద్దాలు. ఆమె చెప్పింది ఒకటే మాట: "రికార్డుల్లో అది ఖాళీ ఇల్లు. లోపల రాత్రంతా మెషీన్లు నడుస్తాయి."

"మా మ్యాప్‌లో ఏ ఇల్లు ఖాళీయో ఉంది సార్," అంది టెక్నీషియన్, ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ తెరుస్తూ. "మీ లిస్టులో ఏ ఇంట్లో ఎన్ని యూనిట్లు కాలాయో ఉంది. రెండింట్లోనూ ఇంటి కోడ్ ఉంది కాబట్టి దాన్ని బట్టి రెండింటినీ జాయిన్ చేస్తాను, అంటే ఒకే టేబుల్‌గా కలుపుతాను. ఖాళీ ఇంట్లో కరెంటు కాలితే ఎర్రగా కనపడుతుంది. రెండు నిమిషాల పని."

జాయిన్ చేసి టేబుల్ తెరిచింది. యూనిట్ల కాలమ్‌లో పై నుంచి కింది దాకా ఒకటే మాట: నల్. అంటే, ఏమీ దొరకలేదని. రెండువేల మూడొందల ఇళ్లకీ అంతే.

మళ్లీ చేసింది. మళ్లీ నల్.

డేగ ఫోన్ మోగింది. అక్క.

"ఒరేయ్, మీ బావ ఫోన్ ఎత్తట్లేదురా. నీ దగ్గరేమైనా ఉన్నారా?"

"వచ్చేస్తాడక్కా," అని పెట్టేశాడు. అయిదు భాషలు వచ్చు, మూడంతస్తుల గోడ ఎక్కడం వచ్చు, చంకలో పిస్తోలు ఉంది. ఆ తెర ముందు ఒక్కటీ పనికిరాలేదు. ఒక అమ్మాయి కుర్చీ వెనక నిలబడి గడియారం చూడటం తప్ప అతను చేయగలిగింది లేదు. అంత నిస్సహాయంగా ఎప్పుడూ లేడు.

"నెమలి మోసం చేసింది," అన్నాడు పళ్లు కొరుకుతూ. చీఫ్‌కి ఫోన్ చేసి ఆమెను అరెస్టు చేయించాడు. అది ఒక్కటే చేతనైంది.

పదీ నలభై. టెక్నీషియన్ రెండు టేబుళ్లూ పక్కపక్కన పెట్టింది.

"సార్, మా దాంట్లో 00417. మీ దాంట్లో 417. ఈ ఏరియా కోడ్‌లన్నీ సున్నాతోనే మొదలవుతాయి. మీ లిస్టులో ముందు సున్నాలన్నీ ఎగిరిపోయాయి. ఈ ఫైల్ ఎక్కడైనా తెరిచారా?"

"దారిలో. స్ప్రెడ్‌షీట్‌లో ఊరికే చూశాను."

"అది కోడ్‌ని అంకె అనుకుని ముందు సున్నాలు తీసేస్తుంది సార్. మూసేటప్పుడు సేవ్ చెయ్యాలా అని అడిగిందా?"

"అడిగింది."

"మీరు?"

డేగ ఏసీ వైపు చూశాడు. "యెస్ కొట్టాను."

ఆమె ప్రతి కోడ్‌నీ అయిదంకెలు చేస్తూ ముందు సున్నాలు అతికించి, కొత్త కాలమ్ తయారుచేసి, మళ్లీ జాయిన్ కొట్టింది. కంప్యూటర్ తాపీగా తిరిగింది. పదీ నలభై ఎనిమిదికి మ్యాప్ మధ్యలో ఒకే ఒక్క ఇల్లు ఎర్రబడింది.

కమాండోలు గేటు బద్దలుకొట్టేసరికి పదీ యాభై తొమ్మిది. వ్యాన్ ఇంజిన్ అప్పటికే స్టార్టయింది. వెనక, చుట్టిన తివాచీలోంచి బావ బయటపడ్డాడు. ఫోన్‌లో ఆయన మొదటి మాట: "ఏంట్రా బావమరిదీ, ఇంతసేపా?" డేగకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

సాయంత్రం డేగ రిపోర్టు రాస్తుంటే, విడుదలై జరిగిందంతా విన్న నెమలి వచ్చింది, బేడీలు ఒరుసుకుపోయిన మణికట్టు రుద్దుకుంటూ. భుజం మీదుగా వంగి కాగితం చదివింది. 'ఆలస్యానికి కారణం' అన్న గడి ఖాళీగా ఉంది.

"ఇక్కడ కూడా నల్లేనా?" అంది.