తెర వెనక రిసీవర్

మా ఇద్దరి మధ్య మొదటి గొడవ ఒక రిసీవర్ దగ్గర మొదలైంది. నిజం చెప్పాలంటే, గొడవ పడాల్సిన చోట తను పడకపోవడమే ఆ గొడవ.

అర్థం కాలేదు కదూ? అప్పుడు నాకూ కాలేదు. మొదట్నుంచి చెప్తాను.

నేను లిఫ్టులు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ని. ఏ లిఫ్టు ఎంత బరువు మోస్తుందో చూసి సంతకం పెడతాను. తను కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు పరీక్ష చేస్తుంది. మా అత్తయ్య, అంటే మా నాన్న చెల్లెలు, కళ్ళజోడు మార్పించుకోడానికని అక్కడికి వెళ్ళి, కళ్ళజోడుతో పాటు నాకు సంబంధం కూడా పట్టుకొచ్చింది. "ఒరేయ్, ఆ పిల్ల చెయ్యి ఎంత నెమ్మదో! ఫ్రేము నా చెవి వెనక ఒరుసుకుంటోందని నేను చెప్పకముందే కనిపెట్టేసింది" అంది. పెద్దవాళ్ళు మాట్లాడుకున్నారు. నేను ఎగిరి గంతేశాను. తను "సరే" అంది.

ఆ తర్వాత నాలుగుసార్లు కలిశాం. కాఫీయా, టీయా అంటే "మీ ఇష్టం". సినిమాకా, పార్కుకా అంటే "మీరెలా అంటే అలా". నేను వేసిన ప్రతి జోకుకీ నవ్వింది. ఉబ్బితబ్బిబ్బయి మా అక్కకి ఫోన్ చేసి మరీ చెప్పాను.

"నీ జోకులకా? అన్నిటికీనా?" అంది అక్క.

"అన్నిటికీ!"

"అయితే ఎక్కడో ఏదో తేడా ఉందిరా. కాస్త కనుక్కో."

కుళ్ళుకుంటోందని ఫోన్ పెట్టేశాను.

ఇక నా స్పీకర్ల సంగతి. నిలబెడితే నా భుజం దాకా వస్తాయి. అమ్మ వాటిని బీరువాలంటుంది. ఎవరో ఇల్లు మారుతూ అమ్మేస్తుంటే కొన్నాను. వాటి గొంతు వింటే ఒళ్ళు జల్లుమంటుంది గానీ, తిండి మాత్రం జాస్తి. సౌండుకి బలం పెంచి స్పీకర్లకి అందించే పెట్టెని రిసీవర్ అంటారు. నా దగ్గరున్నది వీటి ఆకలికి చాలదు. వాల్యూమ్ కాస్త పెంచామా, టక్కుమని ఆగిపోతుంది. అది కూడా ఎప్పుడూ? సరిగ్గా హంతకుడెవరో చెప్పబోతున్నప్పుడు.

తను వాళ్ళమ్మతో మా ఇంటికొచ్చిన రోజూ అదే జరిగింది. నా గొప్ప చూపిద్దామని సినిమా పెట్టాను. క్లైమాక్సులో టక్. గదంతా నిశ్శబ్దం. వాళ్ళమ్మ అమాయకంగా "అయిపోయిందా బాబూ?" అంది. తను మాత్రం "పర్లేదండీ, చాలా బాగుంది" అంది. ఏం బాగుందో నాకు తట్టలేదు, అడగలేదు కూడా. ఆ శనివారమే కొత్త రిసీవర్ కొనాలని తీర్మానించుకుని, "మీరూ వస్తారా? రేపు మన ఇంట్లో ఉండేదేగా" అన్నాను. యథాప్రకారం "సరే" అంది.

ఆడియో షాపు పెద్దాయన నాకు పాత పరిచయం. ఏ రిసీవరైనా నా స్పీకర్లతోనే విని కొనాలని, బీరువాలు రెంటినీ ముందురోజే ట్రాలీలో ఆయన షాపుకి తోలాను. శనివారం ఉదయం వెళ్ళేసరికి లోపలి గదిలో మెత్తటి తివాచీ మీద అవి దర్జాగా నిలబడి ఉన్నాయి. వాటి వెనక నల్లటి తెర. తెర సందులోంచి పెద్దాయన కనిపిస్తున్నాడు, ఏదో పెట్టెని ముందుకీ వెనక్కీ జరిపి దాని వెనక రాతలు చదువుకుంటూ.

బయటికొచ్చి మాకు నమస్కారం పెట్టాడో లేదో, తను ఆయన మొహంలోకి తేరిపార చూసింది.

"అంకుల్, మీ నంబరు మారింది. ఈ జోడు ఇక పనికిరాదు."

"భలేదానివమ్మా! బాగానే కనిపిస్తోందిగా?"

"ఏం బాగా? ఆ పెట్టె వెనక రాతలు మూడుసార్లు దూరం జరిపి చదివారు. సోమవారం వచ్చి చూపించుకోండి. వాయిదా వేస్తే ఊరుకోను."

నేను నోరెళ్ళబెట్టాను. ముక్కూమొహం తెలియని మనిషిని అంత దబాయించిన పిల్ల, నా దగ్గర కాఫీయో టీయో తేల్చుకోలేదా?

పెద్దాయన నవ్వి, నా వైపు తిరిగాడు. "చెప్పండి బాబూ, ఏ రిసీవర్ అనుకుంటున్నారు?"

"అనుకోవడమేముంది, ఆ పెద్దదే." నెల రోజులుగా దాని గురించి చదవని రాత లేదు, చూడని వీడియో లేదు. పదకొండు స్పీకర్లు తగిలించుకోవచ్చట.

"మీకున్నవి రెండేగా?"

"అవుననుకోండి..."

"సరే, చిన్నదీ పెద్దదీ రెండూ వినండి. తెర వెనక నేను మారుస్తుంటాను. ఒకటి, రెండు అని చెప్తాను. ఏది బాగుందో చెప్పండి."

సోఫాలో పక్కపక్కనే కూర్చున్నాం. ఎవరో అమ్మాయి వీణతో పాడుతోంది. "ఇది ఒకటి" అన్నాడు పెద్దాయన. కాసేపాగి "ఇది రెండు" అన్నాడు. నాకు ఒళ్ళు పులకరించింది.

"రెండోదే! ఆ నిండుదనం చూడండి! గొంతు వచ్చి మన ముందు కూర్చున్నట్టు లేదూ?"

తను కళ్ళు మూసుకుని వింటోంది. నెమ్మదిగా అంది, "నాకు రెండూ ఒకటే అనిపిస్తున్నాయండీ."

"అదేంటి! సరిగ్గా వినండి. పెద్దాయనా, ఇంకోసారి!"

ఇంకోసారి ఒకటి, ఇంకోసారి రెండు. ఈసారి తను కళ్ళు తెరిచే ఉంది. పాట వంక కాదు, నా వంక చూస్తోంది. చూసి, చిన్నగా నవ్వి, "అవునండీ. రెండోదే బాగుంది" అంది.

"చెప్పానా!" అని తొడ చరిచాను.

పెద్దాయన తెర లాగాడు. వెనక రెండు పెట్టెలున్నాయి. ఒకదాంట్లోనే దీపం వెలుగుతోంది. అది చిన్నది. పెద్దదానికి ప్లగ్గే పెట్టలేదు.

"ఏమీ అనుకోకండి బాబూ. మనసులో ముందే కొనేసుకుని వచ్చినవాళ్ళకి ఈ పరీక్ష పెడుతుంటాను. పెద్దది అమ్ముకోవడం నాకు చిటికెలో పని. ఆ తర్వాత ఏడాదంతా నా ప్రాణం తీస్తారు" అన్నాడు.

నా పరువు తివాచీ మీద పడింది. పోతే పోయింది, అది నాకు కొత్తేం కాదు. కానీ పక్కకి తిరిగితే, తను గోళ్ళు చూసుకుంటోంది. మోసపోయిన మనిషి మొహం కాదది. దొరికిపోయిన మనిషి మొహం.

మళ్ళీ వస్తామని చెప్పి బయటపడ్డాం. గుమ్మం దాటగానే వాన అందుకుంది. షాపు ముందు రేకు కింద నిలబడ్డాం. జల్లు పాదాల మీద కొడుతుంటే తను వెనక్కి జరిగింది, నేనూ జరిగాను, మధ్యలో జానెడు చోటు మిగిలింది.

"మీరు మొదట చెప్పిందే కరెక్టు. ఎందుకు మార్చారు?" అన్నాను.

"మీకు అదే కావాలనిపించింది."

"అంటే, రెండూ ఒకటేనని మీకు తెలుసా?"

"మా పనే అదండీ. 'ఈ అద్దం బాగుందా, ఆ అద్దమా' అని రోజంతా అడుగుతాం. మధ్యలో ఒకే అద్దం రెండుసార్లు పెడతాను. నిజం చెప్పేవాళ్ళు రెండూ ఒకటే అంటారు. నన్ను మెప్పించాలనుకునేవాళ్ళు ఏదో ఒకటి అనేస్తారు. పెద్దాయన ఆ పని చేస్తున్నాడని రెండోసారికే తెలిసిపోయింది."

"తెలిసీ అబద్ధం చెప్పారా?"

"మా నాన్నకి కోపం రాదండీ. నొచ్చుకుంటారు. నొచ్చుకుంటే మూడ్రోజులు మాట్లాడరు. అందుకే ఆయన మొహం చూసి, ఆయనకేం కావాలో అదే ముందుగా అనేయడం నేనూ అమ్మా నేర్చేసుకున్నాం. ఇప్పుడది మానలేకపోతున్నాను. ఎదుటివాళ్ళ మనసులో ఏముందో నాకు ఇట్టే తెలిసిపోతుంది. నా మనసులో ఏముందో తెలియడానికి మాత్రం రెండ్రోజులు పడుతుంది."

అడగకూడదనుకుంటూనే అడిగేశాను.

"మరి... నాకు చెప్పిన సరే?"

తను నా మొహం చూడబోయి, బలవంతాన రోడ్డు వైపు తిరిగింది.

"మీ అత్తయ్య అడిగారు. అమ్మ మొహం వెలిగిపోయింది. సరే అన్నాను. రెండ్రోజులు ఆలోచించుకుందామనుకునేలోపే రెండిళ్ళలోనూ స్వీట్లు పంచేశారు. మీరంటే ఇష్టం లేదని కాదు. ఉందో లేదో నన్నెవరూ తేల్చుకోనివ్వలేదు."

ఏ మగాడికైనా వినడానికి తియ్యటి మాట కాదది.

"అయితే ఆ సరే వెనక్కి తీసుకోండి" అన్నాను.

"కోపమొచ్చిందా?"

"కోపం కాదు, భయం. జన్మంతా మీరు నాకు రెండోదే బాగుందని చెప్తూ కూర్చుంటే, నేను నమ్మేస్తాను. అంత తెలివితక్కువవాణ్ణి. ఇందాక చూశారుగా? ఇంట్లోవాళ్ళకి టైమడిగింది నేనేనని చెప్తాను. మీ మీదకి రానివ్వను."

బస్సొచ్చింది. తను వెళ్ళిపోయింది.

ఆ వారం మా అత్తయ్య నన్ను పెట్టని శాపనార్థాలు లేవు. "రిసీవర్ కుదర్లేదని పెళ్ళి ఆపేస్తావట్రా? నీకసలు బుర్రుందా?" అక్క ఒక్కతే తిట్టలేదు. "తేడా దొరికిందా?" అంది. "దొరికింది. తేడా నాలోనే ఉంది" అన్నాను. నిజమే మరి. నాలుగుసార్లు కలిశాం కదా, నా స్పీకర్లు ఎంత కరెంటు తాగుతాయో తనకి తెలుసు. తనకేం ఇష్టమో నాకొక్కటీ తెలీదు. "మీ ఇష్టం" అంటే సంబరపడ్డానే గానీ, "కాదు, మీ ఇష్టమే చెప్పండి" అని ఒక్కసారైనా అన్నానా? లిఫ్టుల్లో పైకీ కిందికీ తిరుగుతూ ఇదే ఆలోచన. లోపల సిగ్నలుండదని తెలిసీ ఫోన్ చూసుకోవడం ఒకటి. తను కాదంటే తట్టుకోగలనా అని ఆలోచిస్తే, తట్టుకోలేనని తేలింది. ఎప్పుడు పడ్డానో తెలీదు గానీ, పీకల్లోతు ప్రేమలో పడ్డాను.

శుక్రవారం మధ్యాహ్నం ఫోనొచ్చింది.

"రిసీవర్ కొన్నారా?"

"లేదు."

"రేపు నేనూ వస్తాను." సరే అనే అవకాశం కూడా నాకివ్వకుండా పెట్టేసింది.

శనివారం తను వచ్చీ రాగానే పెద్దాయనతో, "అంకుల్, పాటలొద్దు. ఇద్దరు మాట్లాడుకునే సీను పెట్టండి. ముందు పెద్దదాంతో" అంది.

పెట్టాడు. వాల్యూమ్ పెంచాడు. వెనక ఉరుములు అదిరిపోతున్నాయి.

"ఎలా ఉంది?" అన్నాను.

"బాలేదు. ఉరుములు తప్ప మాటలు వినపడట్లేదు."

"ఉరుము ఉరుములా ఉండొద్దూ!"

"ఆ అమ్మాయి ఏడుస్తూ ఏదో చెప్తోంది. అదేంటో మీకు వినపడిందా?"

వినపడలేదు. ఆ మాట నేనంటుండగానే రిసీవర్ టక్కుమని ఆగిపోయింది.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "బాబూ, లిఫ్టులో బటన్ల పలకతో బరువు మోయిస్తారా? మోటారు వేరే ఉంటుంది కదా? మీ స్పీకర్లకీ అంతే. ఈ పెద్దది తన బలాన్ని పదకొండింటికి పంచే పెట్టె. ఈ తిండిపోతులు రెంటికీ చాలదు. చిన్న రిసీవర్ తీసుకోండి, దాని పక్కన ఈ పవర్ ఆంప్ పెట్టుకోండి. బరువంతా అదే మోస్తుంది."

అలాగే పెట్టి వినిపించాడు. ఉరుము గుండెల్లో మోగింది. ఆ అమ్మాయి ఏడుస్తూ చెప్పిన ప్రతి మాటా వినపడింది.

"ఇది బాగుంది. నిజంగా" అంది తను. "ఇంకోటి. మీ బీరువాలు హాల్లో సగం తినేస్తాయి. కిటికీ పక్కన నా కుర్చీ ఎక్కడ వెయ్యాలి?"

"ఏ కుర్చీ?"

"సెలవు రోజు పొద్దున్నే నేను చదువుకునే కుర్చీ."

"ఎప్పుడూ చెప్పలేదే!"

"ఎప్పుడడిగారు?"

"స్పీకర్లు గోడకి ఆనిస్తే సౌండు పాడవుతుందండీ!"

"కుర్చీ గోడకి ఆనిస్తే నాకు వెలుతురు రాదండీ! ఇంకా వినండి. నాకు టీ అంటే పడదు. మీ జోకుల్లో మూడు మాత్రం బాగుంటాయి."

"మూడా! ఏ మూడు?"

"ఇప్పుడు చెప్పను. అవే పదేపదే చెప్తారు."

పెద్దాయన ఏదో పనున్నట్టు మెల్లగా బయటికి జారుకున్నాడు. మేం ఒక గంట కుర్చీ గురించి వాదించుకున్నాం. ఆ తివాచీ మీద షాపులో ఉన్న సీడీ పెట్టెలు పేర్చి హాలు కట్టాం, చెరిపాం, మళ్ళీ కట్టాం. చివరికి స్పీకర్లు ఒక జానెడు జరిగాయి, కుర్చీ ఒక మూరెడు జరిగింది. నా జీవితంలో అంత హాయిగా ఎవరితోనూ కొట్లాడలేదు.

ఇద్దరం అలిసిపోయి ఊరుకున్నాక తను అంది, "ఈ వారమంతా మీ మొహం చూడకుండా ఆలోచించాను. ఇప్పుడు అడగండి."

లేచి నిలబడి, తనకి వీపు పెట్టి, గోడ వైపు తిరిగాను.

"అదేంటి?"

"నా మొహం కనపడకూడదు కదా." గోడకే చెప్పాను. "మీరంటే నాకు ప్రాణం. కాదంటే కొన్నాళ్ళు మనిషిని కాలేను, అయినా మూడ్రోజులు మాట్లాడకుండా మాత్రం ఉండను. మర్నాడే ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడుగుతాను. ఇప్పుడు చెప్పండి. నన్ను చేసుకోవడం మీకిష్టమేనా?"

గోడ మీద సున్నం పెచ్చు ఒకటి ఊడి ఉంది. దాన్ని చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలీదు.

"ఇష్టం" అంది.

నేను కదల్లేదు.

తివాచీ మీద అడుగులు దగ్గరికొచ్చాయి. ఆ నెమ్మదైన చెయ్యి నా భుజం మీద పడింది.

"ఇటు తిరగండి" అంది. "చూస్తూ కూడా అదే చెప్తాను."