రేవులో దొంగ లైబ్రరీ

జాలరిపేట ఒడ్డున వల లాగుతున్నవాళ్లు ఒక్కసారిగా ఆగిపోయారు. వల బరువుగా ఉంది. చేపల బరువు కాదు.

"ఓలమ్మో, కుర్రోడే!" పోతమ్మ తట్ట వదిలేసి నీళ్లలోకి దిగింది. "సేపలకని వలేత్తే మడిసి పడ్డాడు. ఏటీ అన్నేయం!"

కుర్రాడి పేరు సన్నీ. ఓడరేవు పక్కన సాగరనేత్ర అనే ప్రైవేటు కంపెనీలో ప్రోగ్రామర్. ఈత వచ్చినవాడు. మెడ వెనక సూదిపోటంత మచ్చ తప్ప ఒంటిమీద గాయం లేదు. చావడానికి ముందు భద్రతా విభాగం హెల్ప్‌లైన్‌కి ఒకే ఒక్క మెసేజ్ పంపాడు.

"అన్‌డిఫైన్డ్ సింబల్స్ ఫర్ ఆర్కిటెక్చర్ ఆర్మ్ సిక్స్టీఫోర్."

ఆ వాక్యం ఢిల్లీ చేరింది. అక్కడ దాన్ని పళ్లెంలో పెట్టుకుని చుట్టూ కూర్చున్నారు.

మర్నాడు మధ్యాహ్నం, కుండపోత వానలో, పాతబస్తీలోని వాచీలు బాగుచేసే కొట్టు ముందు ఒక ఏసీ మెకానిక్ ఆగాడు. చేతిలో పనిముట్ల సంచి. యాభై ఏళ్ల మొహం, తలుపేసిన ఇల్లులా ఉంది.

"సింహాచలం కొండమీద మబ్బు పట్టిందా, భాయ్?"

"పట్టింది. గొడుగు బాగుచేసేవాడే దొరకలేదు."

సంకేతం సరిపోయింది. అబ్దుల్ వహాబ్ షట్టర్ దించాడు. బయటికి వాచీల దుకాణదారు. లోపల, తూర్పుతీరం కౌంటర్ ఇంటెలిజెన్స్ చీఫ్. మెకానిక్ అతని ఏజెంట్ గవర్రాజు. కోడ్‌నేమ్ లంగరు.

"కోరల్ నెట్‌వర్క్," అన్నాడు వహాబ్. "విదేశీ ముఠా. వాళ్ల రేడియోలో ఒక పేరు పదేపదే వినిపిస్తోంది. సెలెస్టా. ఇవాళ మన రేవుకొస్తున్న ట్యాంకర్. నిండా అమ్మోనియా. ఓడలు రేవులోకొచ్చే ఆ ఇరుకు కాలవలో పగిలితే ఈ పాతబస్తీలో ఊపిరి పీల్చేవాడు మిగలడు."

"ఆపెయ్యండి."

"ఆధారం లేకుండా ఆపనివ్వరు. అది నువ్వు తేవాలి."

"సన్నీ మెసేజ్ సంగతేంటి?"

"ఢిల్లీవాళ్లు అక్షరాలు తిరగేసి, అంకెలు కూడి చూస్తున్నారు. ఇప్పటికి ఏడు దేశాల పేర్లు వచ్చాయట."

"ఆ కుర్రాడు పనిచేసిన చోటికి వెళ్లి, ఆ మాటకి అర్థం ఏంట్రా అని ఎవడైనా అడిగాడా?"

వహాబ్ బల్లమీది వాచీ ఒకటి తీసి కీ ఇచ్చాడు.

"అడగరు," అన్నాడు గవర్రాజు. "అడిగితే చిన్నతనం."

బయట నల్ల కారు ఆగి ఉంది. స్టీరింగ్ దగ్గర నిఖిత. హెడ్‌క్వార్టర్స్ పంపిన సైబర్ నిపుణురాలు. తెల్ల పట్టుచీర, ముత్యాల దుద్దులు, వాన వాసనని కూడా చంపేసే సెంటు. పుట్టింది ఇక్కడే అయినా సింగపూర్‌లో పెరిగింది. ఇవాళ ఆమె వేషం ముంబయి క్లయింట్.

"నా అనుమానం సీనియర్ ఇంజనీర్ మీద," అంది గేరు మారుస్తూ. "శివరామకృష్ణ. గోదావరి జిల్లా మనిషి."

"అనుమానాలు తర్వాత. ముందు మెషీన్ చూద్దాం."

సాగరనేత్ర ఆఫీసు హార్బర్ రోడ్డులో రెండో అంతస్తు. కిటికీలోంచి కాలవ కనిపించాలి. వానకి తెల్లటి గోడ తప్ప ఏమీ లేదు. గది లోపలి గోడకి ఒక వీహెచ్ఎఫ్ రేడియో సెట్టు. ఓడలూ పైలట్లూ మాట్లాడుకునేది అందులో గరగరమంటోంది. ఈ పైలట్లు ఆకాశంలో ఎగిరేవాళ్లు కాదు. సముద్రంలోకి ఎదురెళ్లి ఓడెక్కి, దాన్ని కాలవలోంచి రేవుకి చేర్చేవాళ్లు. చేతిలో ఐప్యాడ్, అందులో ఈ కంపెనీ యాప్. వానలో వాళ్లకి అదే కన్ను.

గవర్రాజు గుర్తింపు కార్డు చూపగానే శివరామకృష్ణ కుర్చీలోంచి లేచాడు.

"సన్నీ చివరిరోజు ఏం చేశాడో అదే చెయ్యి," అన్నాడు గవర్రాజు. "ఇదే మెషీన్‌లో. మొదట్నించి."

శివరామకృష్ణ పాత ఫైళ్లన్నీ తుడిచేసి మ్యాక్‌లో యాప్‌ని కట్టే బిల్డ్ బటన్ నొక్కాడు. నీలం గీత మూడొంతులు నడిచి ఆగింది. ఎర్రటి వరస వెలిగింది.

అన్‌డిఫైన్డ్ సింబల్స్ ఫర్ ఆర్కిటెక్చర్ ఆర్మ్ సిక్స్టీఫోర్.

"ఇదేంటి?"

"రోజూ వచ్చేదేనండి. బిల్డ్ ఎర్రర్."

ఢిల్లీ మొత్తం తలబాదుకుంటున్న రహస్యలిపి అది. ఈ రోడ్డులో ఏ ప్రోగ్రామర్‌ని అడిగినా చెప్పేవాడు. గవర్రాజుకి నోటిదాకా వచ్చిన బూతు పళ్ల మధ్య నలిగింది.

"అర్థమయ్యేట్టు చెప్పు."

"కంపైలర్ ఒక్కో ఫైలునీ యంత్రభాషలోకి మారుస్తుందండి. ఆ ముక్కలన్నీ కలిపి కుట్టేది లింకర్. సన్నీ మా లైబ్రరీలో, అంటే సిద్ధంగా ఉంచుకున్న కోడ్ మూటలో, ఒక కొత్త ఫంక్షన్ రాశాడు. యాప్ దాన్ని పిలుస్తోంది. ఆ పేరుగలది లైబ్రరీలో లేనేలేదని లింకర్ అంటోంది."

"రాశాడా, లేదా?"

"రాశాడండి. ఇదిగో, నా కళ్లముందే ఉంది."

"రాసింది ఉంది. అదేమో లేదంటోంది. అయితే అది చూస్తున్నది మీ లైబ్రరీ కాదు."

శివరామకృష్ణ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. లింకర్ ఏ ఫోల్డర్లు వెతుకుతోందో ఆ వరస తెరిచాడు. మొదట్లోనే, ఎవరూ పెట్టమనని ఒక ఫోల్డర్. అందులో అదే పేరుతో ఇంకో లైబ్రరీ.

"పేరొకటే అయితే లింకర్ మొదట దొరికిందే తీసుకుంటుందండి," అన్నాడు. "రెండోదాని మొహం చూడదు. ఇన్నాళ్లూ మా యాప్‌లో వెళ్తున్నది ఈ దొంగదే. కొత్త ఫంక్షన్ రాశాడు కాబట్టి సన్నీకి దొరికింది."

"ఇన్నాళ్లూ మెషీన్ ఒక్క ముక్కైనా చెప్పలేదా?"

"వార్నింగ్ ఇచ్చేదండి. ఇందులో ఒక ముక్క, ఐప్యాడ్‌ని నడిపే కొత్త ఐఓఎస్ కోసం కట్టిందీ అని. అలాంటివి వందలు వచ్చేవండి, చికాకుగా. ఒక ఫ్లాగ్, అంటే చిన్న సెట్టింగు, పెట్టి మొత్తం నోరు మూయించేశాను."

గవర్రాజు అతనివైపు చూశాడు. మూడేళ్ల కిందట ఒక ఆసుపత్రి వార్డులో, అతని భార్య వరహాలమ్మ మంచం పక్కన మానిటర్ మోగుతూ ఉండేది. మాటిమాటికీ మోగుతోందని ఎవరో సౌండ్ తీసేశారు. అది చివరిసారి చెప్పాల్సింది చెప్పింది. ఎవరికీ వినపడలేదు. గవర్రాజు క్యాంటీన్‌లో ఉన్నాడు, ఆమెకి ఇడ్లీ పార్సిల్ కట్టిస్తూ.

"చికాకుగా," అన్నాడు. ఆ మాట ఉమ్మినట్టు వచ్చింది.

ఈలోగా నిఖిత కుర్చీ లాక్కుని కూర్చుంది. గోళ్లరంగు వేళ్లు కీబోర్డు మీద పరిగెత్తాయి.

"ఎవరు కట్టారో లైబ్రరీ లోపలే రాసి ఉంటుంది. ఇదిగో. యూజర్, శివరామకృష్ణ. మెషీన్, ఇదే. అక్టోబరు ఒకటి, ఉదయం పదకొండు. అరెస్ట్ హిమ్, గవర్రాజు గారూ. నేను ఈ మెషీన్ సీల్ చేస్తాను."

"నేను కాదండీ!" శివరామకృష్ణ ఏడుపు మొహం పెట్టాడు. "నా పిల్లల మీద ఒట్టండి!"

గవర్రాజు అతని కాలర్ పట్టుకుని లేపాడు. కొట్టాలనే ఉంది. ఆ కోపంలోనే మ్యాక్ మీద చూపు పడింది. వెండిరంగు డబ్బా నడినెత్తిన ఎండిన కుంకుమ బొట్టు. పక్కన పసుపు.

కాలర్ వదిలేశాడు.

"నిఖితా, అక్టోబరు ఒకటి ఏ రోజు?"

"వెన్స్‌డే. బుధవారం."

"ఇంకా?"

"ఇంకా ఏంటి? మామూలు వర్కింగ్ డే."

"మామూలు రోజేంటండీ!" అంత భయంలోనూ శివరామకృష్ణ తలెత్తాడు. "మహర్నవమి కదండీ. ఆయుధపూజ. ఈ మెషీన్‌ని పీటమీద పెట్టి బొట్టు పెట్టాం. పూజలో ఉన్నదాన్ని ముట్టుకుంటామా? ప్లగ్గులు పీకేశాం. ఆఫీసు తాళాలు కూడా పూజలోనే పెట్టాం. దసరా వెళ్లి, కొబ్బరికాయ కొట్టాకే మళ్లీ స్విచ్ వేశాం."

గవర్రాజుకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆనందపురం పక్కన వాళ్ల ఊళ్లో ఆ రోజు కొడవలి గడ్డి కొయ్యదు. ఈ ఊళ్లో లేత్ మిషన్ తిరగదు, కుట్టుమిషన్ కదలదు. సెలూన్‌లో కత్తెరకి కూడా విశ్రాంతే.

"ఈ తారీఖు దొంగది," అన్నాడు నెమ్మదిగా. "వేసినవాళ్లకి ఈ ఊరి పండగ తెలీదు. ఈ గదిలో అలాంటి మనిషి ఒక్కతే ఉంది. లైబ్రరీ తెరవకముందే, కారులోనే ఇతని పేరు చెప్పింది కూడా ఆవిడే."

నిఖిత నవ్వింది. చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్లి లిప్‌స్టిక్‌తో బయటికొచ్చింది. మూత ఎగిరింది. లోపల రంగు లేదు, సూది ఉంది. సన్నీ మెడమీది మచ్చకి సరిపోయే సూది.

గవర్రాజు పానా విసిరాడు. అది ఆమె మణికట్టుని తాకింది. లిప్‌స్టిక్ టేబుల్ కిందికి దొర్లింది. మరో క్షణంలో ఆమె చేతులు ఏసీ వైరుతో కుర్చీకి బిగిశాయి.

"రెండువైపులా జీతం తిన్నావు. ఇరవై ఆరేళ్ల పిల్లాణ్ణి సముద్రంలో పారేశావు."

"ఫోన్ చూసుకో," అంది నొప్పితో పళ్లు బిగించి. "ఈ వీధి మొత్తానికి సిగ్నల్ లేదు. జామర్ ఎక్కడుందో చెప్పను. మీ పైలట్ తెరనే నమ్ముతాడు. కాలవ నడిమధ్యలో ఉన్నానని అది చెప్తుంది. ఉండడు."

ఫోన్ నిజంగానే చచ్చింది. గవర్రాజు గోడమీది వీహెచ్ఎఫ్ మైకు లాగాడు.

"సెలెస్టా పైలట్! ఎవరు మాట్లాడతన్నారు?"

"నాగవంశీని. ఎవలది?"

"నాను, గవర్రాజుని." నాగవంశీ వరహాలమ్మకి అన్న.

"ఏటి బావా, నీకిక్కడేటి పని? మూతి దాటి కాలవలోకొచ్చేసినాం. సెట్టు ఒగ్గేయ్."

"నీ సేతిలో తెర అబద్ధం సెప్తంది! ఓడ ఆపీ!"

నాగవంశీ గొంతు మారింది.

"ఆపితే గాలి తోసేత్తాది బావా. వానలో ఓడ ముక్కే అగుపడ్డం లేదు. రాడార్ నిండా వాన మచ్చలే. తెర అబద్ధమైతే నిజమేటో సెప్పు! ఎటు తిప్పమంతావ్?"

గవర్రాజు మైకు పట్టుకునే వెనక్కి తిరిగాడు. జవాబు శివరామకృష్ణ దగ్గర ఉంది.

"దొంగదాన్ని పీకి అసలుది పెట్టి కట్టు. ఇప్పుడే!"

శివరామకృష్ణ ఫోల్డర్ తీసిపారేశాడు. బిల్డ్. గీత నడిచింది. మళ్లీ ఎరుపు.

"ఏమైందిరా?"

"సన్నీ తన లైబ్రరీని సిమ్యులేటర్‌కి కట్టుకున్నాడండి. మ్యాక్ తెరమీద ఆడించే ఉత్తుత్తి ఐప్యాడ్‌కి. మేం కడుతున్నది అసలు ఐప్యాడ్‌కి. రెండింటికీ చిప్ భాష ఒకటేనండి, అయినా లింకర్ ఒప్పుకోదు."

"ఆ ఉత్తుత్తి దాంట్లోనే చూడు!"

"ఓడల సిగ్నల్ పట్టే డబ్బా అసలు ఐప్యాడ్‌కే తగిలించి ఉందండి!"

"అయితే లైబ్రరీనే మళ్లీ కట్టు. ఏడవకుండా కట్టు!"

శివరామకృష్ణ మళ్లీ కట్టడం మొదలెట్టాడు. సెట్టులోంచి నాగవంశీ అరుస్తున్నాడు. "బావా! వంపు వచ్చేత్తంది! సెప్పు!"

ఈసారి గీత చివరిదాకా నడిచింది. పచ్చగా, బిల్డ్ సక్సీడెడ్. కొత్త యాప్ ఐప్యాడ్‌లోకి దిగింది. టేబుల్ మీద పాత యాప్‌తో ఇంకో ఐప్యాడ్ ఉంది. రెండు తెరలూ పక్కపక్కన వెలిగాయి. పాతదాంట్లో సెలెస్టా కాలవ నడిమధ్యన బుద్ధిగా వెళ్తోంది. కొత్తదాంట్లో దాని ముక్కు ఎడమపక్క డాల్ఫిన్స్ నోస్ కొండరాళ్లకి ఆనబోతోంది.

"కుడికి!" గవర్రాజు గొంతు చీరుకుపోయింది. "నాగవంశీ, పూర్తిగా కుడికి! ఎడమకి రాళ్లున్నాయి!"

"హార్డ్ స్టార్‌బోర్డ్!" అక్కడ నాగవంశీ కేక. తర్వాత గాలి, వాన, ఎవరిదో పరాయిభాషలో అరుపు.

తెరమీద ఓడబొమ్మ కదల్లేదు. ఇంకా కదల్లేదు. ముక్కు వెంట్రుకవాసి తిరిగింది. తర్వాత వేలెడంత. కొండరాళ్లు దాని పక్కనుంచి వెనక్కి వెళ్లాయి.

సెట్టు గరగరమంది.

"బావా." నాగవంశీ ఊపిరి అందక మాట్లాడాడు. "రాతిమీద నాసు అగుపడిందిరా. సెయ్యి సాపితే అందీదే. ఇంకా నిజమే సూత్తన్నావా? సూసి సెప్తూ ఉండు."

గవర్రాజు చెబుతూ ఉన్నాడు. కాసింత ఎడమ, నిటారుగా, మెల్లగా. ట్యాంకర్ బెర్తుకి తాడు కట్టాకే మైకు వదిలాడు.

వహాబ్ మనుషులు మెట్లెక్కి వచ్చేసరికి శివరామకృష్ణ మూల కూర్చుని వెక్కుతున్నాడు.

"సార్, నామీద కేసుంటుందాండీ?"

"ఉండదు. చికాకుకి సెక్షన్ లేదు." గవర్రాజు సంచి సర్దుకున్నాడు. "రేపు సన్నీ వాళ్లమ్మ దగ్గరికెళ్లు. ఆ వార్నింగులు ఎందుకు ఆపావో ఆవిడకి చెప్పు. నాకు చెప్పినట్టే చెప్పు, చికాకుగా ఉండిందని."

శివరామకృష్ణ ఏడుపు ఆపాడు. అది ఇంకా పెద్ద శిక్షని అర్థమైంది.

నిఖితని కిందికి నడిపించారు. చీర తడిసింది, సెంటు దిగిపోయింది. జీపు ఎక్కబోతూ ఆగి, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"ఒక్కటి చెప్పు, గవర్రాజూ. నేను ఏ తారీఖు వేసుంటే దొరికేదాన్ని కాదు?"

"జైల్లో తెలుగు క్యాలెండర్ ఇప్పిస్తాను," అన్నాడు గవర్రాజు జీపు తలుపు వేస్తూ. "పండగలు ఎర్రక్షరాల్లో ఉంటాయి. చదువుకోవడానికి నీకు చాలా ఏళ్లు ఇస్తారు."