చిల్లు పడని స్టాంపులు

మధ్యాహ్నం రెండున్నర. గండిమైసమ్మ చౌరస్తాలో స్కూటీ డిక్కీలోంచి కోర్టు ఫైలు మాయమైంది.

ఎస్సై అమూల్య వచ్చేసరికి ముగ్గురు నిలబడి ఉన్నారు. ఫైలు పోగొట్టుకున్న నగేష్, పోలీసులకు ఫోన్ చేసిన అతని అక్క దుర్గాబాయి, చాయ్ బండి భిక్షం. స్కూటీ ఆగింది అతని బండి పక్కనే కాబట్టి, అనుమానమంతా పాపం భిక్షం మీదే.

"ఏం ఫైలు?"

"కీసరల నా ప్లాటు కబ్జా జేసిండ్రు మేడం. దావా ఎయ్యనీకి ఇయ్యాలనే ఆఖరు," అంది దుర్గాబాయి. "వకీలు రాసిచ్చిన కాయితాలు తమ్ముడు పోయిన సోమారమే మేడ్చల్ కోర్టుల ఏసిన అని చెప్పిండు. కేసు నంబరు సూపియ్యిరా అంటె, ఫైలు ఎవడో ఎత్కపోయిండంటడు."

"అసలు కాగితాలు కోర్టులో ఉంటే, పోయిందేంటి?"

"జిరాక్స్," అన్నాడు నగేష్.

"భిక్షం, స్కూటీ దగ్గరికెవరైనా వచ్చారా?"

"చీమ గూడ రాలే మేడం."

అమూల్య స్కూటీని చూసింది. చీమలు మాత్రం వచ్చాయి. బారులు తీరి సీటు కిందికి పోతున్నాయి.

"తాళం ఇవ్వు."

నగేష్ తటపటాయిస్తూ ఇచ్చాడు. డిక్కీలో రెయిన్‌కోటు. దాని మడతల్లో ఫైలు. మొదటి కాగితం మీద కోర్టు ఫీజు స్టాంపులు, వాటి అంచుల వెంట చీమలు.

"జిరాక్స్‌కి చీమలు పట్టవు నగేష్. దుర్గాబాయి గారూ, స్టాంపులు దేంతో అంటించారు?"

"అన్నం మెతుకులతోని. నా చేతులతోనే."

"కాగితం దాఖలైతే స్టాంపుకు చిల్లు కొట్టాలని రాష్ట్ర కోర్టు ఫీజు చట్టం. మళ్లీ వాడకుండా. వీటికి చిల్లు లేదు. ఈ దావా కోర్టు గడపే తొక్కలేదు. కబ్జావాళ్లు ఎంతిచ్చారు నగేష్?"

అతను తల దించుకున్నాడు.

"మరి చింపెయ్యకుండా ఎందుకు దాచావు?"

"వాడని స్టాంపులు వాపసిస్తె... పైసలొస్తయని."

దుర్గాబాయి కొట్టలేదు, తిట్టలేదు. ఫైలు మీది చీమల్ని దులిపింది.

"నాయిన సచ్చినంక గీ చేత్తోనే బువ్వ తినిపిచ్చినరా నీకు," అంది.

"జీపెక్కండమ్మా," అంది అమూల్య. "చిల్లు పడలేదు కాబట్టే ఇవి ఇంకా చెల్లుతాయి."

నాలుగు గంటలకు మేడ్చల్ కోర్టు కౌంటర్లో చిల్లు కొట్టే మిషన్ టక్కుమంది. స్టాంపు మీద పడిన చిల్లును దుర్గాబాయి వేలితో తడిమి చూసుకుంది.

బయటికొచ్చాక అమూల్య మెల్లగా అడిగింది. "తమ్ముడి మీద కంప్లైంట్ రాసుకోమంటారా?"

"రాయుండ్రి మేడం. తమ్ముడని మాత్రం రాయకుండ్రి. వట్టి నగేష్ అని రాయుండ్రి."