లైటు ఆర్పే చెయ్యి

పొంగబోతున్న పాలు దించుతూనే ఆమె ఫోన్‌లో నటులతో మాట్లాడుతోంది. సాయంత్రం ప్రదర్శన. రాసిపెట్టుకున్న నాటకం కాదు. ప్రేక్షకుల్లో ఎవరో ఒక మాట ఇస్తే, దాన్ని పట్టుకుని నటులు అప్పటికప్పుడు ఆడేస్తారు. దర్శకురాలిగా ఆమె హాలు వెనక స్విచ్‌బోర్డు దగ్గర ఒంటరిగా నిలబడి, సన్నివేశం పండగానే చెయ్యెత్తి లైటు ఆర్పేస్తుంది. ఒక్క మాట ఎక్కువైనా అంతా చప్పబడిపోతుందని భయం.

"అమ్మాయ్, నిన్న పాప ఏం చేసిందో..." అంటూ వచ్చింది తల్లి.

ఆమె చెయ్యెత్తింది. తల్లి నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది.

ఫోన్ పెట్టేసి చూస్తే, గుమ్మం పక్కన తల్లి సంచి సర్ది ఉంది.

"ఇదేంటమ్మా?"

"రేపు పొద్దున బస్సుకి వెళ్లిపోతా. పాపకి ఆయా దొరక్కపోదు."

"నువ్వెళ్తే నేను నాటక బృందం మూసుకోవాల్సిందే! ఆయన ఉద్యోగం ఎక్కడో, నేనిక్కడ..."

"రాసింది లేదు, బట్టీ పట్టింది లేదు. దానికి మళ్లీ దర్శకత్వమొకటి!"

"నటుల మాటలు చెవులప్పగించి వినడమేనమ్మా నా పని!"

"ఊరందరివీ వింటావు. నా దగ్గరికొచ్చేసరికి చెయ్యెత్తుతావు."



సాయంత్రం హాలు సగమే నిండింది. నటి ముందుకొచ్చి అడిగింది: "ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేని మాట ఒకటి ఇవ్వండి."

చివరి వరసలోంచి ఒక గొంతు లేచింది. "పొద్దుట్నుంచీ నాతో ఎవరూ తీరిగ్గా మాట్లాడలేదు."

స్విచ్‌బోర్డు దగ్గర ఆమె తల తిప్పి చూసింది. అక్కడ తల్లి, ఒళ్లో నిద్రపోతున్న పాప.

నటి ఖాళీ కుర్చీకి టీ అందించింది. "చక్కెర సరిపోయిందా?" అని అడిగి ఆగింది. మళ్లీ అడిగింది. హాల్లో నవ్వులు ఆగిపోయాయి. లైటు ఆర్పాల్సింది సరిగ్గా ఇక్కడే. ఆమె చెయ్యి లేచింది, స్విచ్ దాకా వెళ్లి ఆగిపోయింది.

లైటు ఆరకపోయేసరికి నటి కుర్చీ వైపు వంగింది. "పోనీలే, తీరిక దొరికినప్పుడే చెబుదువుగాని."

ఆమె స్విచ్‌బోర్డు వదిలేసి, వెళ్లి తల్లి పక్కన మెట్టు మీద కూర్చుంది.

"పాప నిన్న ఏం చేసిందమ్మా?" గుసగుసగా అడిగింది.

"నేను కబుర్లు చెబుతుంటే అచ్చం నీలాగే చెయ్యెత్తి నన్ను ఆపేసిందే. నవ్వుతావని చెప్పబోయాను."

ఆమెకు నవ్వు రాలేదు. తల్లి మోకాలి మీద తల ఆనించింది. కళ్లలో నీళ్లు ఆగలేదు.

"వెళ్లకమ్మా."

"సంచి సంగతి ఇంటికెళ్లాక చూద్దాం. ముందిది విను, మొన్న ఏమైందంటే..."

వేదిక మీద లైటు వెలుగుతూనే ఉంది.